బోధన్‌కు వారం ఆలస్యంగా వచ్చిన రక్తపిశాచి

ఆ రోజుల్లో నీకు ఇష్టమైనవి ఏవని ఎవరైనా అడిగితే మొదటి స్థానం ప్రభువుదే. దానికి పోటీ లేదు. పోటీ అంతా రెండో స్థానానికి. డెబ్బైల మొదట్లో, పదిహేడేళ్ల వయసులో, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వెనక మా వాడలో కూర్చుని ఆ రెండో స్థానాన్ని నేను ఇష్టం వచ్చినట్టు మార్చేదాన్ని. ఒక వారం రేడియోలో మధ్యాహ్నం వచ్చే సినిమా పాటలకు ఇచ్చేదాన్ని. ఇంకో వారం, కత్తులు పక్కన పడేసి కొత్తగా బిగుతు ప్యాంట్లలోకి దిగిన ఒక హీరోకు ఇచ్చేదాన్ని. చివరికి ఒక రక్తపిశాచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఏడాదిన్నర లేవలేదు.

మా క్రైస్తవ సంఘంలో సినిమా చూడటం నిషేధం. అందుకని చూడకుండానే అభిమానించడం నేర్చుకున్నాం. గుడిలో యువజనులం ఇరవైమందిమి ఉంటే పదిమంది ఒక హీరో వైపు, పదిమంది ఇంకో హీరో వైపు. ఈ ఇరవైమందిలో ఒక్కరు కూడా ఆ హీరోలు తెర మీద కదలగా చూసినవాళ్లు కాదు. గోడల మీద పోస్టర్లు చూసి, టాకీసు పక్క సందులో నిలబడి లోపలి నుంచి వచ్చే దెబ్బల చప్పుడు విని, ఎవరు గొప్పవాడో తేల్చేవాళ్లం. ఒక క్రిస్మస్‌కు మా గాయక బృందం కొత్త పాట కట్టింది. మాటలు పశువుల పాకవి, బాణీ ఆ ఏడాది ఊరూరా మోగిన వాన పాటది. సినిమా హాలు గడప తొక్కని సంఘపెద్దలు కళ్లు మూసుకుని, చేతులెత్తి, కన్నీళ్లు కారుస్తూ పాడారు. పోస్టర్‌లో హీరోయిన్ ఎంతవరకు తడిసిందో తెలిసిన కుర్రాళ్లు వెనక బల్లల మీద నుంచి ఇంకా ఎక్కువ భక్తితో పాడారు. ఆ ఏడు ఆరాధన చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు.

ఇక రక్తపిశాచి సంగతి. నిజామాబాదులో మా పెద్దమ్మ కూతురు నర్సు ట్రైనింగ్‌లో ఉండేది. వాళ్ల హాస్టల్ అమ్మాయిలంతా కలిసి ఒక వారపత్రిక తెప్పించుకునేవాళ్లు. అందరూ చదివాక అక్క దాన్ని బోధన్ బస్సు కండక్టర్ చేతికిచ్చేది. ఆయన మా సంఘస్తుడే. దేవుని సేవ అనుకునే తెచ్చేవాడు, లోపల ఏముందో ఎన్నడూ తెరిచి చూడలేదు. ఇన్ని చేతులు దాటి పత్రిక మా ఇల్లు చేరేసరికి సరిగ్గా వారం ఆలస్యమయ్యేది. నిజామాబాదులో చచ్చినవాడు బోధన్‌లో ఇంకో వారం బతికేవాడు.

ఆ పత్రికలో ఒక సీరియల్ వచ్చేది. దానితోపాటు అక్క అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి పంపిన పాకెట్ నవలలు పదకొండు చదివాను. అన్నిట్లోనూ రక్తపిశాచే. మన ఊళ్లలో చెప్పుకునే కొరివి దయ్యం లాంటివాడు కాదు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. కాళ్ల దాకా నల్ల కోటు వేసుకుని, కాలరు పైకెత్తుకుని, కొండ మీద బంగళాలో ఒక్కడే ఉండేవాడు. ఎండాకాలంలో మా జిల్లాలో అలాంటి కోటు తొడిగినవాడికి రక్తం తాగే ఓపిక ఎక్కడుంటుందని రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. అంత పెద్ద బంగళా ఎవరు ఊడుస్తారో ఏ నవలలోనూ లేదు. వాడు ఎప్పుడూ డాక్టరు గారి కూతురి మెడనో, కలెక్టరు గారి మరదలి మెడనో కోరుకునేవాడు. చెరకు నరికే ఆడవాళ్ల మెడ వాడికి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆ మెడల్లో ఏం మిగిలి ఉంటుందో రచయితలకు తెలిసే ఉంటుంది. వెల్లుల్లి వాసన తగిలితే పారిపోతాడట. మా వాడలో పొద్దున్నే వెల్లుల్లి కారం నూరని ఇల్లు లేదు. పొరపాటున బోధన్ బస్సు ఎక్కితే వాడు బస్టాండులోనే మూర్ఛపోవాలి.

ఇన్ని తెలిసీ నేను వాణ్ని ప్రేమించాను. అభిమానం అంటే అదే కదా.

మా ఇంటి అరుగు మీద మధ్యాహ్నాలు ఆరుగురు బీడీలు చుట్టేవాళ్లు. మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే నాన్నకు తల్లి, అందులో పెద్దది. మిగతా ఐదుగురూ వాడలోని ఆడవాళ్లు, హిందువులు. వాళ్లకు నాయకురాలు మూలింటి పెద్దమ్మ, చుట్టం కాకపోయినా అందరూ అలాగే పిలిచేవాళ్లు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. అందరికంటే చిన్నది రెంజల్ నుంచి కొత్తగా వచ్చిన కోడలు. పెద్దమ్మకు పక్కింటిదే. ఒళ్లో పసిబిడ్డ, మాట్లాడటం తక్కువ.

అవ్వకు అప్పటికే రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. బీడీ చుట్టడానికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. ఆకు కత్తిరించడానికే కళ్లు కావాలి. తునికాకు మీద రేకుముక్క పెట్టి, ఈనెలూ చిల్లులూ తప్పించి, దాని అంచు వెంట కత్తెర నడపాలి. అవ్వకు అది ఇక సాధ్యం కాదని తెలిసిన రోజు నుంచి ఆ ఐదుగురూ తలా ఒక పిడికెడు ఆకు ఎక్కువ కత్తిరించి ఆమె చాటలో వేసేవాళ్లు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేను వాళ్లకు పత్రిక చదివి వినిపించేదాన్ని. అదీ ఎవరూ అడగలేదు. కానీ రెండు వైపులా తూకం సరిపోయిందని అందరికీ తెలుసు. అవ్వ ఒక మాట అనేది: "చెయ్యి ఆడినంతసేపే మనిషిని. ఆగినంక సామాను."

నాకు చదవడం నేర్పింది మా సంఘ కాపరి. అందరం అయ్యగారు అనేవాళ్లం. ఏడేళ్లప్పుడే నన్ను బల్ల ముందు నిలబెట్టి, వెన్ను నిటారుగా ఉంచి, ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ ఆగాలో నేర్పారు. బైబిలు లేఖనానికి ఒక్క మాట కలిపినా, ఒక్క మాట తీసినా దేవుడు లెక్క అడుగుతాడని నేర్పారు. వాక్య పఠన పోటీల్లో జిల్లాకు మొదటి బహుమతి నాదే. గురువారం సాయంత్రం మా అరుగు మీద గృహకూటం జరిగితే నేనే చదివేదాన్ని. బీడీ చాటలు పక్కన పెట్టి ఆ ఐదుగురూ కొంగు తల మీదికి లాక్కుని, చివరి ప్రార్థన దాకా కూర్చుని వినేవాళ్లు. ఇది నిజంగా జరిగిందని, ఒక్క అక్షరం కల్పన లేదని అయ్యగారు ప్రతిసారీ చెప్పేవారు. నేను తలూపేదాన్ని.

నాకున్న చదివే గొంతు ఒక్కటే. మధ్యాహ్నం అదే అరుగు మీద, అదే గొంతుతో, అదే విరామాలతో రక్తపిశాచిని చదివాను.

అది కథ అని నేను ఎన్నడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. మూలింటి పెద్దమ్మ ఒకరోజు ఆ బంగళా ఏ తాలూకాలో ఉందని అడిగింది. పత్రికలో రాయలేదన్నాను. అది నిజమే. ఇంకొకామె, పోలీసులు ఎందుకు పట్టుకోరని అడిగింది. వాడు పెద్దింటివాడని పెద్దమ్మే జవాబు చెప్పింది. అందరికీ అది సబబుగా తోచింది. నేను చదువుతుంటే ఆరు జతల చేతులు ఆగిపోయేవి. అంత మంది నా నోటి వైపు చూడటం గుడిలో కూడా జరిగేది కాదు. గుడిలో సగంమంది నిద్రపోయేవాళ్లు. ఆ గర్వం నాకు బాగా రుచించింది.

ఇక్కడ అవ్వ పెట్టె గురించి చెప్పాలి. మా తాత చెరకు గానుగ ఆడే కాలంలో పోయాడు. ఆ రోజుల్లో వడ్రంగులంతా ఎడపల్లి, రెంజల్ వైపు నుంచి వచ్చే చెరకు బండ్ల చక్రాలు బాగుచేయడంలో ఉండేవాళ్లు. శవపెట్టె చేసేవాడు దొరకలేదు. తాతను చాపలో చుట్టి సమాధుల తోటకు తీసుకెళ్లారు. అవ్వ దాన్ని మనసులో పెట్టుకుంది. గుడి తలుపులు మార్చినప్పుడు పాత టేకు చెక్కలు అడిగి తెచ్చి, వానాకాలంలో వడ్రంగి ఖాళీగా ఉన్నప్పుడు తన పెట్టె తాను చేయించుకుంది. మూత మీద సిలువ చెక్కించింది. లోపలి గదిలో పెట్టి, చావు వచ్చేదాకా వృథాగా ఉండటం ఎందుకని అందులో బొంతలూ పసుపు కొమ్ములూ దాచింది. కొత్త కోడలు తప్ప మిగతా నలుగురికీ ఆ పెట్టె పదేళ్లుగా తెలుసు. వాన పడితే లోపలికి వచ్చి దాని మీదే కూర్చునేవాళ్లు. పసిపిల్లలను దాని మీద పడుకోబెట్టేవాళ్లు.

ఒక వారం సీరియల్‌లో హీరో బంగళా నేలమాళిగలోకి దిగాడు. అక్కడ ఒక శవపెట్టె. మూత తీస్తే లోపల రక్తపిశాచి, కళ్లు తెరుచుకుని, పెదవుల మీద ఎరుపుతో. నేను ఆగాల్సిన చోటల్లా ఆగి చదివాను. చదవడం అయ్యాక ఒక్క చెయ్యీ మళ్లీ బీడీ అందుకోలేదు. అది నా పఠనానికి దక్కిన మెప్పు అనుకున్నాను. మూలింటి పెద్దమ్మ మాత్రం గుమ్మంలోంచి లోపలి గది వైపు చూస్తోంది.

"పిల్లా, గాడు పెట్టెల పంటడని సదివినవు," అంది. "పెట్టెల పెట్టేది మీరే గద. మావోళ్లను కాలుస్తరు, లేకుంటె ఉత్తగనే మట్టిల పెడ్తరు."

"చచ్చిపోయినంక పెట్టేది పెద్దమ్మా. పండుకోనీకి కాదు."

"గాడు గూడ సచ్చినంకనే గద లేసింది."

నేను నోరు తెరిచే లోపు ఆమె మిగతాది కూడా చెప్పేసింది. "మొన్న పండుగకు మీ గుడికి వచ్చిన. మీ అయ్యగారు గిలాస ఎత్తి, ఇది రక్తం, తాగుండ్రి అన్నడు. నా చెవులతోటి విన్న. మీరంత మోకాళ్ల మీద కూసొని తాగిండ్రు. నువ్వు గూడ తాగినవు."

పెట్టె, చావు నుంచి లేవడం, రక్తం. నా విశ్వాసంలో నేను ప్రాణంగా చూసుకునే మూడింటిని ఆమె బీడీ కట్ట కట్టినంత తేలిగ్గా ఒక్క దారంతో చుట్టేసింది. మా సంఘ బోధలోని నూట ఇరవై ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టి బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. ఆ ప్రశ్నల్లో ఇది లేదు. "అది వేరు," అన్నాను.

మర్నాడు అరుగు మీదికి ఎవరూ రాలేదు. ఎదురుగా, దారికి అవతల మూలింటి అరుగు మీద ఐదు చాటలు కనిపించాయి.

అవ్వ మొదటి రోజు, ఎవరింట్లోనో పని పడి ఉంటుందనుకుంది. రెండో రోజు ఖాళీ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడో రోజు, ఆ మాటల తరువాత వాళ్లు మా ఇంటికి భయపడ్డారని నేను విడమరిచి చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. ఖాళీ చాట పక్కన పెట్టి, "రక్తం తాగెటోనికి భయపడ్డరు సరే. నాకెందుకు భయపడ్డరే? నాకు పండ్లే లేవు," అంది.

నేను ఆకు కత్తిరించి ఇచ్చాను. ఈనెల మీదుగా అడ్డంగా కత్తిరించాను. ఆ ఆకుతో చుట్టిన బీడీలు సాయంత్రానికి వాటంతటవే విచ్చుకున్నాయి. బీడీ కార్ఖానాలో సరుకు చూసే చెకర్ సగం వెనక్కి ఇచ్చాడు. బాపు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి ప్రయత్నించాడు. ఆయన చేతుల్లో కత్తెర రెంచీలా కనిపించింది. నాలుగైదు రోజులకు అవ్వ ఆకు అడగడం మానేసింది. వేళ్లు మాత్రం ఒళ్లో ఉత్త కొంగును చుడుతూ, విప్పుతూ ఉండేవి. అన్నం సగంలో వదిలేసేది. ఎదుటి అరుగు మీద నవ్వు వినబడితే అటు ముఖం తిప్పేది. ఏమీ కనబడకపోయినా.

ఈ సంగతి అయ్యగారికి తెలిసింది. ఆ ఆదివారం వారపత్రికల మీద గంటన్నర ప్రసంగం చేశారు. ఆ సీరియల్‌లో ఏ ఏ పాపాలున్నాయో, అవి ఏ ఏ వారాల్లో వచ్చాయో వివరంగా ఖండించారు. అప్పటిదాకా మా సంఘంలో ఆ పత్రిక పేరు తెలిసినవాళ్లు ముగ్గురో నలుగురో. మర్నాడు బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణంలో మా యువజన సంఘం వరస కట్టింది. సువార్త కరపత్రాలు పంచడానికి అడిగితే ఏ ఒక్కడికీ అంత తీరిక దొరకలేదు.

అయ్యగారు అంతటితో ఆగలేదు. మూలింటికి స్వయంగా వెళ్లి అపోహ తొలగిస్తానన్నారు. నన్ను వెంట తీసుకెళ్లారు. గుడిలో గిలాస ఎత్తి తాగే ప్రభు సంస్కారానికి వాడేది కిస్మిస్ పళ్లు నానబెట్టి, ఉడికించి, పిండిన నీళ్లే. అయ్యగారి భార్య ఇంట్లో చేసేది. అవే ఒక గ్లాసులో పోసి తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు. ఆమె వాసన చూసింది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"కిస్మిసే," అని ఒప్పుకుంది. "మరి అయ్యగారు, కిస్మిస్ అయితె కిస్మిస్ అనక రక్తం అని ఎందుకంటరు?"

అంతకంటే మంచి ప్రశ్న మా సంఘంలో ఆ తరువాత కూడా ఎవరూ అడగగా నేను వినలేదు. అయ్యగారు జవాబు చెప్పారు. అందులో తప్పు లేదు, నేను ఇప్పటికీ ప్రతి మాటా నమ్ముతాను. కానీ ముప్పావు గంట చెప్పారు. ఆ ముప్పావు గంటలో రక్తం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, వచ్చినప్పుడల్లా రెంజల్ కోడలు తన బిడ్డను ఎంత గట్టిగా హత్తుకుందో నేను చూశాను. చివర పెద్దమ్మ మర్యాదగా టీ ఇచ్చింది. మేం మెట్లు దిగాక తలుపు గొళ్లెం పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

"వాక్య విత్తనం పడింది," అన్నారు అయ్యగారు. ఎక్కడ పడిందో నేను అడగలేదు.

ఇంతలో ఆ ఐదుగురికీ ఒక చిక్కు వచ్చింది. రక్తపిశాచి అంటే ఎంత భయమో, తరువాత వాడేం చేశాడో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. రెండు వారాలు ఓర్చుకున్నారు. మూడో పత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నం పెద్దమ్మ దారికి అవతల నుంచి కేకేసింది. "పిల్లా, పత్రిక వచ్చిందట గద. నువ్వు గక్కడనే కూసొని సదువు. జర గట్టిగ సదువు."

అవ్వ ఆ గొంతు వినగానే నిటారుగా కూర్చుంది. తరువాత గొంతు తగ్గించి, ఈ వారం ఏం రాశారని నన్ను అడిగింది. పొద్దున్నే చదివేశాను కాబట్టి చెప్పాను. ఈ వారం రక్తపిశాచి బంగళా వదిలి ఒక గుడి పక్కన సమాధుల తోటలో చేరాడు. సిలువ ఉన్న పెట్టెలో హాయిగా పడుకున్నాడు. సిలువంటే భయపడాలన్న సంగతి రచయిత మరిచిపోయాడో, రెండు నెలల కిందట రాసింది తానే చదవలేదో.

"గట్ల సదవకు," అంది అవ్వ.

"రాసిందే చదవాలవ్వా."

"రాసినోడు వచ్చి నాకు ఆకు కోస్తడా?"

పదేళ్లు ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చదివిన నోరు అది. ఇది లేఖనం కాదు, ఉత్త సీరియల్ అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ గొంతు అదే అని, వినేవాళ్లు అదే గొంతును నమ్మి కూర్చున్నారని కూడా తెలుసు. తెలిసే చేశాను. అవ్వ వేళ్లు కొంగును చుడుతూనే ఉన్నాయి.

మా రెండు అరుగుల మధ్య ఉన్నది ఫ్యాక్టరీకి వెళ్లే బండ్ల దారి. గానుగ కాలం. చెరకు బండ్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. నేను ఒక వాక్యం చదవడం, ఒక బండి అడ్డం రావడం. అవతల నుంచి ఐదుగురూ మెడలు చాచి, బండి దాటగానే మళ్లీ చెప్పమనడం. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక బండివాడు ఎద్దులను ఆపేసి, మరాఠీలో ఏమిటని అడిగి, జవాబు రాకపోయినా కాసేపు నిలబడి విన్నాడు. వెనక బండ్లవాళ్లు తిడితే కదిలాడు.

నేను పత్రికను ముఖం ముందు పెట్టుకుని, అందులో లేనిది చదివాను. రక్తపిశాచి సమాధుల తోటకు వచ్చాడు. తన పెట్టె విరిగిపోతే ఒక క్రైస్తవ అవ్వ పెట్టె దొంగిలించాడు. దాని మూత మీద సిలువ ఉంది. లోపల పడుకుని మూత వేసుకోగానే సిలువ నిప్పులా కాలింది. వాడు అరిచాడు, కోటు అంటుకుంది, తెల్లారేసరికి గంపెడు బూడిద మిగిలింది. ఆ పెట్టె ఉన్న ఊళ్లోకి వాడి జాతివాళ్లు ఇక అడుగు పెట్టరని ఒక ముసలి వైద్యుడి చేత చెప్పించాను. ఆగాల్సిన చోటల్లా ఆగాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ చదవలేదు.

మర్నాడు ఐదు చాటలూ మా అరుగు మీదికి వచ్చాయి. మూలింటి పెద్దమ్మ ముందు లోపలి గదిలోకి వెళ్లి, పెట్టె మూత మీద సిలువను అరచేత్తో తడిమి, వచ్చి కూర్చుంది. ఎవరూ క్షమించమని అడగలేదు. తలా ఒక పిడికెడు ఆకు అవ్వ చాటలో పడింది. పెద్దమ్మ రెండు పిడికెళ్లు వేసింది. అవ్వ ఆ ఆకును వేళ్లతో తడిమి, అంచులు చూసుకుని, ఏమీ అనకుండా చుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె రెండు పూటలా అన్నం తిన్నది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు నేను నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి రెంజల్ కోడలి చేతిలో ఆ పత్రిక ఉంది. పెళ్లికి ముందు ఆమె మూడో తరగతి దాకా చదివింది. నేను చదివేటప్పుడల్లా నా భుజం పక్కన కూర్చుని అక్షరాలు చూసేదని, అలా చూసి చూసి మరిచిపోయిన చదువును మళ్లీ పోగు చేసుకుందని నాకు తెలియదు. వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదువుతోంది. "పె... ట్టె... లో... హా... యి... గా..."

నేను నీళ్ల చెంబు కింద పెట్టాను. ఆమె ఆ వాక్యం పూర్తి చేసి, మరో రెండు వాక్యాలు చదివి, తల ఎత్తింది.

"అక్కా, ఇందుల గాడు కాలలేదు," అంది. నిందలా అనలేదు. తాను తప్పు చదివిందేమో అన్నట్టు అడిగింది. "గాడు మంచిగనే పండుకున్నడు."

అందరి కత్తెరలూ ఆగాయి. అవ్వ వేళ్లు కూడా. నేను అబద్ధం మీద ఇంకో అబద్ధం చెప్పగలిగేదాన్ని. అచ్చు తప్పు అనొచ్చు. అనలేదు. పెద్దమ్మ నా ముఖం చూసింది, పత్రిక చూసింది, మళ్లీ నా ముఖం చూసింది.

"నువ్వు కల్పించి సదివినవా?"

"అవును పెద్దమ్మా."

"గంత సేపు?"

"అవును."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలాయి, చాట కదిలింది, పొగాకు జరదా అంతా అరుగు మీద ఒలికింది. "ఇంతంత పిల్ల కూసున్నకాడ ఒకన్ని సంపి, బూడిద జేసి, వైద్యునితోటి మాట గూడ చెప్పించింది. మరి గా పట్నంల కూసొని రాసెటోడు గూడ గిట్లనే కల్పిస్తుండు గద. గా పిశాచి లేడు, గా పెట్టె లేదు, ఏం లేదు. ఉత్తదానికి మూడు వారాలు మా ఇంట్ల ఈగల మధ్య కూసున్నం." తన అరుగు మీద ఈగలని అప్పుడు ఒప్పుకుంది.

మిగతావాళ్లూ నవ్వారు. అవ్వ అందరికంటే ఆలస్యంగా నవ్వింది, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. ఎవరూ లేవలేదు. అయ్యగారి గంటన్నర ప్రసంగం, కిస్మిస్ నీళ్లు, ముప్పావు గంట వేదాంతం చేయలేని పని నా అబద్ధం దొరికిపోవడం చేసింది. కథ అంటే ఏమిటో వాళ్లకు ఆ రోజు అర్థమైంది. దాన్ని నేను విజయంగా లెక్కేసుకున్నాను, గురువారం దాకా.

గురువారం గృహకూటం. అయ్యగారు పొరుగూరు వెళ్లారు, నేనే నడిపించాలి. ఐదుగురూ ఎప్పటిలా చాటలు పక్కన పెట్టి, కొంగులు తల మీదికి లాక్కున్నారు. నేను వెన్ను నిటారుగా పెట్టి, లేఖనం తెరిచి, చనిపోయిన ఒక మనిషిని ప్రభువు సమాధిలోంచి పేరు పెట్టి పిలిచిన భాగం చదివాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నడుమ ఆగాల్సిన చోట ఆగాను.

అలా ఆగినప్పుడు పెద్దమ్మ, చాలా మెల్లగా, నన్ను నొప్పించకుండా అడిగింది. "బిడ్డా, ఇది గిట్లనే రాసున్నదా, నువ్వు కలుపుతున్నవా?"

గిట్లనే రాసి ఉందని చెప్పాను. ఆమె తలూపింది. నమ్మకంతో కాదు, నా మీది ప్రేమతో తలూపింది. ఆ తేడా తెలియనంత చిన్నపిల్లను కాను. నేను మళ్లీ మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చదివేసరికి మిగతావాళ్లు కూడా నన్ను చూస్తున్నారు. సీరియల్ చదివేటప్పుడు చూసిన చూపు అది. బాగా చెబుతోంది అన్న చూపు.

చదవడం ఆపేశాను. గ్రంథాన్ని రెంజల్ కోడలి ఒళ్లో పెట్టి, ఎక్కడి నుంచి చదవాలో వేలితో చూపించాను. ఆమె భయపడింది, తనకు రాదంది. వచ్చినంత చదవమన్నాను. ఆమె వేలు కింద పెట్టి మొదలుపెట్టింది. ఒత్తులు మింగింది, పేర్లు తప్పు పలికింది, ఊపిరి తీయకూడని చోటల్లా తీసింది. నేను అర నిమిషంలో చదివే నాలుగు వాక్యాలకు ఆమెకు చాలాసేపు పట్టింది. కలపడానికి ఆమెకు తీరిక లేదని అందరికీ కనబడుతూనే ఉంది. పెద్దమ్మ కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది.

అప్పటి నుంచి గురువారాలు ఆమే చదివింది. సీరియల్ మాత్రం నన్నే చదవమన్నారు. కావాలంటే కలపమని కూడా అన్నారు. నేను మానేశాను. మధ్యాహ్నాలు పెద్దమ్మ పక్కన కూర్చుని, ఈనెలు తప్పించి ఆకు కత్తిరించడం నేర్చుకున్నాను. వానాకాలం నాటికి నేను కోసిన ఆకులో చెకర్ వెనక్కి ఇచ్చేవి తగ్గాయి. అవ్వ మాత్రం నా ఆకునూ పెద్దమ్మ ఆకునూ వేళ్లతో తడిమి వేరు చేసి, నాది ఎప్పుడూ చివర చుట్టేది.